పసుపు మందం

త్రివేణి సంచి సర్దే తీరు చూస్తే అన్నం మోసే మనిషే అనిపించాలి. అలా అనిపించడానికే ఆ సర్దుడు. అడుగున మిషన్, దాని పక్కన గుడ్డలో చుట్టిన నాలుగు బ్లేడ్లు, వాటి మీద మడతపెట్టిన పాత చీర, చీర మీద అన్నం డబ్బా, డబ్బా మీద చారు సీసా. సిరొంచలో ఏ ఇంటికి పనికి పోయినా ఆ సంచిలోంచి ముందుగా బయటికొచ్చేది చారు వాసనే. "ప్రేమ్‌సాగర్ మేస్త్రికి పెండ్లం వేడివేడిగ అన్నం తెచ్చింది" అనుకుంటారు వాకిట్లో కూర్చున్నవాళ్లు. తెచ్చింది అతను తినే అన్నమే కాదు, ఆ అన్నం పుట్టే సాధనం కూడా అని ఎవరికీ తోచదు. చారు ఘాటుకు ఆచారం ఘాటు తోడైతే ఏ ముక్కూ అసలు వాసన పట్టలేదు.

మిషన్ అసలు పేరు పెట్టె మీద ఇంగ్లీషులో బారెడు ఉంది. అది చదివేలోపు కరెంటు పోతుంది కాబట్టి ఊళ్లో దాన్ని వణుకుడు మిషన్ అంటారు. మోచేయంత పొడవు, మూతి దగ్గర అట్లకాడ లాంటి పళ్ల బ్లేడు. రంపంలా ముందుకూ వెనక్కూ పోదు, చక్రంలా తిరగదు. ఉన్నచోటే ఉండి కంటికి ఆనని వేగంతో కుడికీ ఎడమకీ వణుకుతుంది, ఆ వణుకుతోనే టేకును జున్నుముక్కలా కోస్తుంది. బ్లేడు మారిస్తే గీకుతుంది, ఇంకోటి పెడితే రుద్దుతుంది. రెండేళ్ల కిందట ప్రేమ్‌సాగర్ దాన్ని మంచిర్యాల నుంచి తెచ్చిన రోజున అతని తల్లి యాదక్క మంచం మీంచి లేవకుండానే అడిగింది.

"ఏం చేస్తదిరా ఇది?"

"అన్నీ చేస్తదమ్మా. కోస్తది, గీకుతది, రుద్దుతది, నున్నగ చేస్తది."

"గవన్నీ చేసేదాన్ని నీకు ఇరవై ఏండ్ల కిందనే తెచ్చి ఇచ్చిన గద. మల్ల ఇదెందుకు?"

అందరూ నవ్వారు. త్రివేణి కూడా నవ్వింది, గిన్నె అడుగు గీకుతూ.

ప్రేమ్‌సాగర్ చేయి కూడా వణుకుతుంది. తేడా ఒక్కటే, మిషన్‌కు ఆపే బటన్ ఉంది. అంతకు ముందటి ఏడాది సర్కారు మంజూరు చేసిన ఘర్‌కుల్ ఇంటికి సజ్జ కడుతూ పరంజా మీంచి జారాడు. ఇల్లు సర్కారు ఖర్చుతో లేచింది, మేస్త్రి సొంత ఖర్చుతో పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది, లోపల ప్లేటు వేశారు. ఎముక అతికింది గానీ పట్టు అతకలేదు. బరువు మోస్తాడు, సిమెంటు మాలు కలుపుతాడు, టైల్స్ పరుస్తాడు. సన్నని పనికి వేళ్లు బిగించాడో, అవి గాలికి రావాకుల్లా ఆడతాయి. వణికే చేతిలో వణికే మిషన్ పెడితే వచ్చేది కోత కాదు, రోత. తెచ్చిన రోజే ఇంటి వెనక ఒక పాత తలుపు మీద ప్రయత్నించి, గీతకు అటూ ఇటూ ఎలుక కొరికినట్టు కొరికి, మిషన్ పక్కన పెట్టి, బట్టలుతికే బండ మీద కూర్చుని ఏడ్చాడు.

ఆ బండ దగ్గర బట్టలు పిండుతున్నది త్రివేణే. మగవాడు సిగ్గుపడడం ఆమె చూడడం అదే మొదలు. చూడలేకపోయింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, మిషన్ అందుకుని, అతను గీసిన పెన్సిలు గీత మీద బ్లేడు ఆనించింది. నెట్టలేదు. జొన్నరొట్టె మీద అరచేయి ఎంత బరువు వేయాలో తెలిసిన చేతికి ఇదీ తెలిసింది. నెడితే బ్లేడు వేడెక్కి కట్టె నల్లబడుతుంది, ఊరికే ఆనించి కాస్త కాస్త పక్కకు జరుపుతుంటే దాని పని అది చేసుకుపోతుంది. తెగిన ముక్క టప్పున కింద పడింది. ప్రేమ్‌సాగర్ ఏడుపు ఆపి, ఆ ముక్క చేతిలోకి తీసుకుని, అంచు వేలితో తడిమి చూశాడు.

"ఇది ఎవలకు చెప్పకు" అన్నాడు. ఆమెకు దక్కిన మెచ్చుకోలు అదే.

చెప్పలేదు. అతని సిగ్గును ఇటివ్వు నేను మోస్తానని తీసుకున్నట్టు అనుకుంది. నెత్తి మారితే బరువు తగ్గుతుందని అనుకుంది కాబోలు.

అప్పటి నుంచి పద్ధతి ఒకటి ఏర్పడింది. మేస్త్రి "ఇగ ఫైన్ పని, దుమ్ము లేస్తది, ఎవలు లోపటికి రావద్దు" అని ఇంటివాళ్లను బయటికి పంపి గడియ పెడతాడు. లోపల బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. త్రివేణి కొంగు నడుముకు చుట్టి, ముక్కుకు పాత చీర ముక్క కట్టుకుని, నేల మీద బోర్లా పడినంత పని చేస్తుంది. తలుపుల అంచులు, గోడల అడుగు పట్టీలు, అల్మారా మూలలు. గోడ అడుగున వేసే పట్టీని స్కర్టింగ్ అంటారట. మోకాళ్లు కనిపించేలా ఆడపిల్ల స్కర్టు వేస్తే గొడవ చేసే ఊరు గోడలకు మాత్రం స్కర్టు లేకపోతే ఒప్పుకోదు. పని అయ్యాక మిషన్ అతని చేతికిచ్చి ఆమె చీపురు అందుకుంటుంది. అప్పుడు గడియ తీస్తారు. మంత్రిమండలిలో కూడా శాఖలు ఇంత తొందరగా మారవు. ఇంటివాళ్లు లోపలికి వచ్చి అంచుల మీద వేలు నడిపి, "ప్రేమ్‌సాగర్ చెయ్యి బంగారం" అంటారు. అతను తల వంచి "ఏదో అనుభవం" అంటాడు. వాళ్లలో మంచివాళ్లుంటే వెళ్లబోతూ "పెండ్లం కూడ మంచిగ ఊడుస్తదయ్యా" అంటారు.

పొద్దుగూకి ఇంటికొస్తే యాదక్క వేడినీళ్లు పెట్టమంటుంది, కొడుక్కి. "పొద్దంత మిషన్ పట్టి చెయ్యి ఎట్ల వణుకుతుందో సూడు. జర నూనె రాయి పిల్లా." మిషన్ పట్టిన వేళ్లలో ఇంకా జుమ్మని వణుకు పోక, తిమ్మిరెక్కిన తన రెండు చేతులతో త్రివేణి అతని చేతికి నూనె రాస్తుంది. అతను కళ్లు మూసుకుంటాడు. నొప్పికి మూసుకుంటాడో, తన కళ్లలోకి చూడలేక మూసుకుంటాడో ఆమె అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని ఆమెకే భయం. అదీగాక వంట మిగిలి ఉంటుంది.

ఆ నెలలో వాళ్లు పట్టింది రాజక్క ఇల్లు. రాజక్క అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు చేసి దిగిన మనిషి. ఊళ్లో సగం మందికి అఆలు దిద్దించింది కాబట్టి ఇప్పటికీ ఊరినంతా దిద్దాలనే చూస్తుంది. మోకాళ్ల నొప్పులొచ్చి పాత బండల ఎగుడుదిగుళ్ల మీద నడవలేక, ఇల్లంతా టైల్స్ వేయిద్దామనుకుంది. మాలు కలపడానికీ, తట్ట మోయడానికీ రేగుంట నుంచి జంగుబాయి వచ్చేది. గోండు మనిషి, త్రివేణికంటే నాలుగైదేళ్లు పెద్ద. మేస్త్రి పెండ్లాం అనే మర్యాదకు అక్కా అనేది. మాట తక్కువ, పని ఎక్కువ. ఆమె కలిపిన మాలులో ఇసుకా సిమెంటూ తగాదా పడ్డ దాఖలా లేదు.

పాత బండల మీద టైల్స్ పరిస్తే నేల అర అంగుళం లేస్తుంది. అప్పుడు తలుపుల ద్వారబంధాల కాళ్లు అడ్డం వస్తాయి. చేతకాని మేస్త్రి టైలును కాలి చుట్టూ వంకరటింకరగా కోసి సందుల్లో సిమెంటు మెత్తుతాడు. చేతనైన మేస్త్రి కాలినే అడుగున సరిగ్గా టైలు మందం కోసి, టైలును దాని కిందికి తోస్తాడు. అప్పుడు కాలు టైలు మీదే మొలిచినట్టుంటుంది. ఎంత కోయాలో కొలవడానికి టేపు కూడా అక్కర్లేదు. ఒక పగిలిన టైలు ముక్కను, మాలు మందానికి ఒక అట్టముక్కను కలిపి కాలి పక్కన నేల మీద పెడితే అదే గుర్తు, మేస్త్రీల మాటలో నిశాని. దాని మీద బ్లేడు పడుకోబెట్టి కోసుకుపోవడమే. త్రివేణి అలా రాజక్క ఇంట్లో మూడు తలుపులకు ఆరు కాళ్లు కోసింది. ఒక్కొక్కటీ మొలిచినట్టే కుదిరింది. నాలుగోది వీధి తలుపు.

వీధి తలుపు గడపకు రాజక్క అత్త నలభై ఏళ్లు, ఆమె తరువాత రాజక్క పాతికేళ్లు ప్రతి శుక్రవారం పసుపు పెట్టారు. నూనె కలిపిన పసుపు. గడప మీద పూసిన పసుపు కాళ్ల మొదట్లోకి జారి, అక్కడ పేరుకుని, దుమ్ము కలిసి గట్టిపడి, రెండు వైపులా రెండు పిడకల్లా నేలకు అతుక్కుపోయింది. త్రివేణి నిశాని ముక్క పెట్టింది. ముక్క కొంచెం ఆడింది. ముక్క నేల మీద లేదు, పసుపు మీద ఉంది. గీకుడు బ్లేడు పెట్టి ఆ పసుపును లేపేసి, బండ తేలాక కొలవాలి. అది పని. ఆమెకది తెలుసు. గీకుడు బ్లేడు బిగించింది కూడా. కానీ చేయి ముందుకు పోలేదు. పెళ్లయి వచ్చిన మొదటి శుక్రవారం నుంచి ఆ రంగు కనిపిస్తే వంగి ముట్టుకుని కళ్లకద్దుకున్న చేయి అది. "ఆడిది కడపకు పసుపు పెడ్తది గని కత్తి పెడ్తదా" అని ఏదో సందర్భంలో యాదక్క అన్న మాట చెవిలో మెదిలింది. కట్టె కోయడం వరకు ఎలాగో సర్దిచెప్పుకుంది గానీ పసుపు గీకడం దగ్గర ఆమె నేర్చుకున్న పనంతా పక్కకు తప్పుకుంది. పసుపు ముట్టుకుని కళ్లకద్దుకుంది. గీకుడు బ్లేడు తీసి కోత బ్లేడు బిగించింది. నిశాని ముక్కను పసుపు మీదే అదిమి పెట్టి, ఏమవుతుందిలే అని కోసేసింది. బకెట్ మీద ప్రేమ్‌సాగర్ తల ఎత్తలేదు.

మరునాడు అతను గడప వైపు పసుపును అలాగే వదిలి, లోపలి నుంచి కాళ్ల కిందికి టైల్స్ తోశాడు. రెండు కాళ్లూ గాల్లో ఉన్నాయి. కాలికీ టైలుకూ మధ్య పసుపు మందం సందు.

రాజక్క మోకాళ్ల నొప్పి మరిచి వంగింది. ఆ సందులో చిటికెన వేలు దూర్చి చూసింది.

"ఇదేంది ప్రేమ్‌సాగర్, దర్వాజ కాలు నేలకు ఆనలే?"

"సిమెంటు పెట్టి కప్పేస్త అక్కా. కనవడది."

"కనవడుడు గాదు. ఇంటి దర్వాజనే నేలకు ఆనకుంటె ఇంట్ల మనుషులు ఆన్తరా? నీ చెయ్యి బంగారమంటె తెచ్చుకున్న. ఇదేనా?"

ప్రేమ్‌సాగర్ ఒక్కసారి త్రివేణి వైపు చూశాడు. ఆమె చేతిలో చీపురు ఉంది. అతను కళ్లు తిప్పుకుని, వాకిట్లో మాలు కలుపుతున్న జంగుబాయి మీద పెట్టాడు.

"నా చెయ్యి కాదక్కా. నేను నిశాని ముక్క మంచిగనే పెట్టిన. గడియ తీసి, బ్లేడు మారుద్దామని ఇటు తిరిగిన, గంతట్లనే ఈ జంగుబాయి ఊడ్వనీకి వచ్చి ముక్కను కదిపింది. నేను సూస్కోలే."

జంగుబాయి పార ఆపింది. "నేను లోపటికే రాలే మేస్త్రీ."

"రాకపోతె ముక్క దానంతటదే లేస్తదా?" అంది రాజక్క. "తడికలు కట్టుకునే చేతులకు దర్వాజ అంటె ఏం ఎరుక. అడవి పొంట తిరిగేటోళ్లను లక్ష్మి కాళ్ల కాడికి రానిచ్చుడే నా తప్పు." అని, ఏదో న్యాయం చేయాలనిపించిందేమో, ఇటు తిరిగింది. "త్రివేణీ, నువ్వు లోపట్నే ఉన్నవ్ గద. నిజం చెప్పు. ఈమెనా కదిపింది?"

త్రివేణి తల ఊపింది.

ఈగను తోలేంత ఊపు. నోరు తెరవలేదు, కాబట్టి అబద్ధం చెప్పలేదని ఒక్క క్షణం తనకు తాను చెప్పుకుంది కూడా. జంగుబాయి ఆమె ముఖం వైపు చూసింది. కోపంగా కాదు. బస్సు దాటిపోయాక ఆ బోర్డు మీది పేరు చదివినట్టు చూసింది. పార గోడకు ఆనించి, నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని, తట్ట బోర్లించి వెళ్లిపోయింది.

"ఏమైతది తియ్యి" అన్నాడు ప్రేమ్‌సాగర్ బండి మీద ఇంటికి వస్తూ. "ఆమెకు ఇంకో కాడ దొరుకుతది పని. మనకు పేరు పోతె మల్ల దొరుకదు." వెనక కూర్చున్న త్రివేణి సంచిని ఒళ్లోకి లాక్కుంది.

ఇంకో కాడ దొరకలేదు. బస్టాండు పక్కన కూలీల అడ్డా ఉంది. పొద్దున్నే రేగుంట జీపు దిగినవాళ్లంతా అక్కడ నిలబడితే మేస్త్రీలు వచ్చి పిలుచుకుపోతారు. మర్నాడు కూరగాయలకు పోతూ త్రివేణి చూసింది. అందరూ వెళ్లిపోయాక కూడా జంగుబాయి ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంది. ఆ మర్నాడూ అంతే. రాజక్క ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పాఠం చెప్పిన గొంతు, ఒక్కసారి చెబితే ఊరంతా అప్పజెబుతుంది. జంగుబాయి చెయ్యి పడితే దర్వాజ నిలవదంట అని కూరగాయలు అమ్మే మనిషి త్రివేణికే చెప్పింది, వంకాయలు తూస్తూ. త్రివేణి ఆ వంకాయలు తీసుకుని అరుగు వైపు కాకుండా వెనక సందులోంచి ఇంటికొచ్చింది.

ఆ రెండు రోజులు వంట చేసింది, అంట్లు తోమింది, అత్తకు కాళ్లు పట్టింది, మొగుడి చేతికి నూనె రాసింది. ఏ పనీ ఆగలేదు, అదే ఆమెకు ఆశ్చర్యం. సిగ్గు వల్ల అన్నం మాడదు, చారు విరగదు. చిన్నప్పటి నుంచి ఆమెకు ఎన్ని సిగ్గులు నేర్పారు. గట్టిగా నవ్వితే సిగ్గు, కాళ్లు చాపి కూర్చుంటే సిగ్గు, మొగుడి పేరు పెట్టి పిలిస్తే సిగ్గు, మగవాళ్లు తినకముందు ఆకలేస్తే సిగ్గు, వీధి వైపు తీగ మీద లోబట్టలు ఆరేస్తే సిగ్గు. మిషన్ పడితే సిగ్గు అనేది ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు, పాతవాటితో పాటు దానంతటదే వచ్చి కూర్చుంది. ఇన్ని నేర్పినవాళ్లు, అబద్ధానికి తల ఊపితే పడాల్సిన సిగ్గు ఒక్కటి నేర్పలేదు. దాన్ని ఆమె మిషన్‌లాగే ఎవరూ చెప్పకుండా నేర్చుకోవాల్సి వచ్చింది. అవి బిడియాలు, ఇది వేరే. అవి మెడ కింద చెమటలా పైన ఉండేవి, తుడుచుకుంటే పోయేవి. ఇది అన్నం ముద్దతో పాటు లోపలికి దిగుతోంది. మొగుడి సిగ్గు తాను నెత్తిన పెట్టుకుంది, ప్రేమ అనుకుంది, తన సిగ్గు వచ్చేసరికి తట్ట ఎత్తినట్టు ఎత్తి జంగుబాయి నెత్తిన పెట్టింది, దానికి పేరేమిటో ఇంకా పెట్టలేదు. జంగుబాయి ఎవరి నెత్తిన పెట్టాలి? ఆ వరసలో ఆమె తరువాత ఇంకెవరూ లేరు.

మూడో రోజు పొద్దున ప్రేమ్‌సాగర్ పళ్లు తోముకుంటుంటే వెళ్లి చెప్పింది.

"రాజక్క ఇంటికి పోత. కోసింది నేనే అని చెప్త."

అతను నురుగు ఉమ్మి, చాలాసేపు నోరు పుక్కిలించాడు. "చెప్తె నా చెయ్యి సంగతి ఊరికి ఎరుకైతది. ఇగ నన్ను మేస్త్రి అని ఎవలు పిలుస్తరు?"

"పని నేను చేస్త గద. ఎప్పట్లెక్కనే."

"ఆడిదానివి మిషన్ పట్టి అందరి ముంగట కూసుంటవా? నవ్వుతరు. నీ మంచికే చెప్తున్న."

"ఇన్ని దినాలు నీ మంచికే ఊకున్న" అంది త్రివేణి. అంతకంటే పెద్ద మాట అనాలని రాత్రంతా అనుకుంది గానీ, చెంబు పట్టుకున్న అతని చేయి అప్పుడే వణుకుతోంది. చూసి అక్కడితో ఆపింది. మంచం మీంచి యాదక్క "ఏందే పొద్దుపొద్దుగాల" అంది. త్రివేణి మిషన్ సంచి భుజాన తగిలించుకుని చెప్పులు వేసుకుంది.

అడ్డా దగ్గర జంగుబాయి అరుగు మీదే ఉంది. త్రివేణి ఎదురుగా నిలబడి, రా అనడానికి కూడా సిగ్గుపడి, "రాజక్క ఇంటికి పోదాం" అంది. ఎందుకని జంగుబాయి అడగలేదు. తట్ట చంకన పెట్టుకుని నాలుగడుగుల వెనక నడిచింది. త్రివేణి ఆగితే ఆమె కూడా ఆగింది. ఇద్దరూ పక్కపక్కన నడవడం కుదరలేదు.

రాజక్క వీధి అరుగు మీద చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది. వెనక జంగుబాయిని చూసి మొహం ముడిచింది.

"ఈమెనెందుకు తెచ్చినవే మల్ల?"

"అక్కా, నీ దర్వాజ కోసింది నేను."

రాజక్క చాట ఒళ్లో పెట్టుకుంది. "ఏంది?"

"మేస్త్రి చెయ్యి వణుకుతది. రెండేండ్ల సంది మిషన్ పని నాదే. నిశాని ముక్క పసుపు మీద పెట్టి కోసిన. పసుపు గీకాలె, గీకనీకి నాకు చెయ్యి రాలే. గందుకే పసుపు మందం ఎక్కువ తెగింది. జంగుబాయి లోపటికే రాలే."

"ఆడిదానివి, నా దర్వాజ కాళ్లు కోసినవా?"

"ఎనిమిది కాళ్లు కోసిన నీ ఇంట్ల. ఆరు మంచిగున్నయని నువ్వే అన్నవ్ అక్కా. గవి కోసిన చేతులే ఇవి చెడగొట్టినయ్."

రాజక్క తలుపు వైపు చూసింది, త్రివేణి చేతుల వైపు చూసింది. ఆ చేతుల్లో ఏదో వింత కనిపిస్తుందని వెతికినట్టుంది. అవి అంట్లు తోమే చేతుల్లాగే ఉన్నాయి.

"మరి ఆ పొద్దు తల ఎందుకు ఊపినవ్? నేను నిన్నే గద అడిగింది."

"సిగ్గయ్యింది."

"కోసినందుకా?"

"కోసిన అని చెప్పనీకి. తల ఊపినందుకు ఇప్పుడు అవుతుంది. గది వేరే ఉన్నది అక్కా. గది పోతలేదు."

రాజక్క బియ్యంలోకి చూసింది. చాటలో రాయి ఉన్నా లేకపోయినా వేళ్లతో కాసేపు గెలికింది. చివరికి జంగుబాయి వైపు పూర్తిగా చూడకుండానే, "ఎండల ఎందుకు నిలవడ్డవ్, అరుగు మీదికి రా" అంది. క్షమాపణ ఆమె సిలబస్‌లో లేదు. ఉన్నంతలో అదే. జంగుబాయి అరుగు మీదికి రాలేదు. ఎండలోనే ఉంది.

"బాగు చేస్తవా?" అని రాజక్క త్రివేణిని అడిగింది.

"చేస్త. తలుపు తీసే ఉంచుత."

సందుకు సరిపడా టేకు చెక్క పలక ఒకటి ముందే చూసి సంచిలో పెట్టుకుంది. అది సందులోకి పోవాలంటే గడప వైపు మిగిలిన పసుపు ముందు లేవాలి. గీకుడు బ్లేడు బిగించి మిషన్ ఆన్ చేసింది. పసుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి, ఏనాడూ వణకని చేయి, వణికింది. బ్లేడు గడప అంచును తాకబోయింది. అప్పుడు రెండు నల్లటి చేతులు వచ్చి గడపకు అడ్డంగా టైలు ముక్కను గట్టిగా పట్టుకున్నాయి. జంగుబాయి ఎప్పుడొచ్చి ఎదురుగా కూర్చుందో ఆమె చూడలేదు. టైలు అడ్డు ఉండగా పసుపు పెళ్లలుగా లేచింది. కింద అసలు బండ, ఆరు దశాబ్దాల తరువాత, తెల్లగా కనిపించింది. రాజక్క ఆ పసుపు పెళ్లలు ఏరి చాట అంచున పెట్టుకుంది.

చప్పుడుకు వీధిలోవాళ్లు ఒకరూ ఇద్దరూ ఆగారు. ఎవరో నవ్వారు. ఎవరో "ప్రేమ్‌సాగర్ యాడ?" అన్నారు. త్రివేణి వీపు మొత్తం కాలింది. చీర కుచ్చిళ్లు, మోకాళ్లు, పొట్టు పడ్డ జుట్టు, అన్నీ ఒకేసారి తనకు కనిపించాయి. పారిపోదామనిపించింది. మిషన్ ఆపితే ఆ నవ్వు ఇంకా బాగా వినిపిస్తుందని ఆపలేదు.

చెక్క పలకకు బంక రాసి సందులోకి తట్టి, ముందుకు పొడుచుకొచ్చిన అంచును కాలికి సమంగా కోస్తుండగా బండి ఆగిన చప్పుడయింది. ప్రేమ్‌సాగర్. జనం జరిగి దారి ఇచ్చారు. గడప అవతల నిలబడి, కుడి చేయి జేబులో పెట్టుకుని, మెల్లగా అన్నాడు.

"త్రివేణి, ఇటియ్యి. నేను సూస్త."

"జర ఆగు. కోత నడుమల ఉన్న."

ఇన్నేళ్లలో నలుగురి ముందు అతన్ని ఆగమనడం అదే మొదటిసారి. అతను ఆగాడు. కాసేపు నిలబడి, జేబులోంచి చేయి తీసి, అది వణుకుతుంటే దాచకుండా, పక్కకు పడ్డ చెక్క ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఆ చేతి వైపు అందరూ చూడడం ఆమెకు తెలుస్తూనే ఉంది. అతన్ని ఈ ఎండలోకి లాగింది తనే. దానికీ లోపల ఎక్కడో కలుక్కుమంది. అయినా గీత మీంచి కళ్లు తీయలేదు.

మొదటి కాలు కుదిరింది. మిషన్ ఆపింది. జంగుబాయి వంగి పొట్టు ఊదింది.

"నేనే కోస్త అని నీకు ముందే ఎరుకనా?" అని త్రివేణి ఆమెకు మాత్రమే వినిపించేట్టు అడిగింది.

"కూలికొచ్చే ఆడోళ్లకు అందరికి ఎరుకే. మేస్త్రి అంగి ఇస్త్రీ నలగదు, నీ కనుబొమ్మల నిండ పొట్టుంటది. ఎవలు కోస్తున్నరో మాకు ఒకలు చెప్పాల్నా?"

"మల్ల ఆ పొద్దు రాజక్కకు ఎందుకు చెప్పలే?"

జంగుబాయి టైలు ముక్కను నేల మీద పెట్టింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది.

"నువ్వు చెప్తవని ఆగిన. ఇన్ని దినాలు నేను నిన్నే మేస్త్రి అనుకున్న త్రివేణక్కా. నువ్వు తల ఊపినవ్ సూడు, అప్పుడు తెల్సింది, నువ్వు మేస్త్రి పెండ్లానివని."

మరి ఇప్పుడు అన్న మాట త్రివేణి నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. అది అడిగి తెచ్చుకునే జవాబు కాదు. రెండో కాలు మిగిలి ఉంది. మోకాళ్ల మీద అటు జరిగింది.